అమ్మ సంగతి సరే, మీ ఆవిడ ఏమంటోంది?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక తండ్రి రాశారు. పాపకు నాలుగు నెలలు నిండాయి. తల్లిపాలే. రాత్రిళ్ళు రెండు గంటలకోసారి లేచి ఏడుస్తోంది. 'పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని అమ్మ అంటోంది. నా భార్య వినదు. ఈమధ్య పలకరిస్తే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాలి కాబట్టి నేను హాల్లో పడుకుంటున్నాను. పాప కాస్త పెద్దదయ్యేదాకా గుంటూరులో వాళ్ళ పుట్టింటికి పంపిస్తే మంచిదా?'

పంపకండి. మూడో నెలలో సారెతో తెచ్చుకున్న కోడల్ని, నిద్ర చాలడం లేదని అయిదో నెలలో తిప్పి పంపితే ఆ ఇంట్లో ఏమనుకుంటారో మీకు తెలియంది కాదు. ఆమె తనంతట తాను వెళ్తానంటే అది వేరే మాట.

పాప సంగతి ముందు తేల్చేద్దాం. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు 5.9 అని మీరే రాశారు. బరువు రెట్టింపు దాటింది. రోజుకు ఆరేడుసార్లు పక్క తడుపుతోందంటే పాలు చాలుతున్నట్టే. తల్లిపాలు తొందరగా అరుగుతాయి, అందుకే తొందరగా ఆకలి వేస్తుంది. పైగా నాలుగో నెల ప్రాంతంలో పిల్లల నిద్ర తీరు మారి, మధ్యమధ్య మెలకువ ఎక్కువవుతుంది. డబ్బా పాలు పడితే తెల్లవార్లూ పడుకుంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు. రాత్రి పాలు మాన్పిస్తే మాత్రం తల్లికి పాలు తగ్గే ప్రమాదం ఉంది, ఎందుకంటే పాలు ఊరడానికి కావలసిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. బెజవాడ ఎండలని చెప్పి నీళ్ళు కూడా పట్టకండి, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించకూడదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నిండా 'అమ్మ అంటోంది' అనే ఉంది. మీ ఆవిడ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

అమ్మ మాటకు ఎదురు చెప్పకూడదన్న పెంపకాన్ని నేను తప్పుపట్టను. కానీ అమ్మ అన్న ప్రతి మాటా మోసుకెళ్ళి బాలింత ముందు పెట్టడాన్ని మీరు మాతృభక్తి అనుకుంటున్నారు, నాకది పిరికితనంలా కనిపిస్తోంది. డబ్బా పాలు వద్దన్న మాట మీ అమ్మగారికి మీరే చెప్పాలి. కోడలు చెబితే ఎదురు సమాధానం అవుతుంది, కొడుకు చెబితే నిర్ణయం అవుతుంది. అన్యాయమే, ఏం చేస్తాం, మన ఇళ్ళు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. మీ అమ్మగారు చెడ్డవారని నేననుకోవడం లేదు. పాపకు నలుగు పెట్టి నీళ్ళు పోయడం, పగలు కాసేపు ఆడించడం ఆవిడకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

మీరు మాత్రం ఈ రాత్రే హాల్లోంచి పక్క ఎత్తేయండి. ఆఫీసు ఉందంటారా? ఆమెకు పగలూ రాత్రీ డ్యూటీయే, ఆదివారం సెలవు కూడా లేదు. పాలివ్వడం ఒక్కటే మీ చేతిలో లేదు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, జోకొట్టి వెల్లకిలా పడుకోబెట్టడం ఎవరైనా చేయొచ్చు. తెల్లవారుజామున అయిదింటికి పాలు తాగిన పాపను మీరు బయటికి తీసుకొచ్చేసి, గది తలుపు వేసేయండి. ఏడున్నర దాకా మీ ఆవిణ్ణి ఎవరూ లేపకూడదు, కాఫీకి కూడా. పాపను ఎత్తుకుని సోఫాలో మాత్రం కునుకు తీయకండి, ప్రమాదం.

నన్ను కలవరపెట్టింది పాప ఏడుపు కాదు, తల్లి ఏడుపు. మీరు దాన్ని మొండితనం అని రాశారు. కాన్పు తర్వాత ఇన్ని నెలలకు కూడా ఏడుపు, అన్నం సయించకపోవడం ఉన్నాయంటే, అది డిప్రెషన్ కావచ్చు. పాప నిద్రపోయినా తనకు నిద్ర పట్టడం లేదా అని మెల్లగా అడగండి. పాపకు పాలిస్తూనే దీనికి వైద్యం చేయించుకోవచ్చు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందనో, పాపను ఏమైనా చేస్తానేమోనని భయంగా ఉందనో అంటే క్షణం ఆగకుండా, ఒంటరిగా వదలకుండా, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అలాంటిదేమీ లేకపోయినా ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. మీరే వెళ్ళండి, అమ్మను తోడు పంపకండి. అక్కడ మీ ఆవిణ్ణే మాట్లాడనివ్వండి.