కమీషన్ 84 వేలు సరే, ఖాతాలో మిగిలే ఆరు వేల సంగతేంటి?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఓ మందుల కంపెనీలో సూపర్‌వైజర్‌ని. జీతం 50 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, 22 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు. ఏనుగొండలో 150 గజాల పాత ఇల్లు 42 లక్షలకు వస్తోంది. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నారు. ఏజెంటు 2 శాతం, అంటే 84 వేలు అడుగుతున్నాడు. కాగితాల్లో 28 లక్షలే చూపిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందనీ అన్నాడు. బ్యాంకు 24 లక్షలు ఇస్తామంది. ఎఫ్‌డీలు, చిట్టీ కలిపి మా దగ్గర 11 లక్షలున్నాయి. బంగారం మీద 4 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెద్దామనుకుంటున్నాం. ఏజెంటును తప్పించి నేరుగా ఓనర్లతో మాట్లాడుకుంటే ఆ 84 వేలు మిగులుతాయి కదా?

జవాబు: మీరు అడిగింది 84 వేల గురించి. నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇంకోటి ఉంది. మీరు రాసిన అంకెలన్నీ ఒక కాగితం మీద వేశాను. ఇల్లు 42 లక్షలు. 28 లక్షల మీద 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు 2.10 లక్షలు. కమీషన్ 84 వేలు. మొత్తం 44.94 లక్షలు. మీరు పోగేస్తున్నది 24, 11, 4, 6 కలిపి సరిగ్గా 45 లక్షలు. తాళాలు చేతికొచ్చిన రోజు మీ ఖాతాలో ఉండేది ఆరు వేల రూపాయలు. పంతులుగారి సంభావన, పాలు పొంగించే గిన్నె కూడా అందులోంచే కొనాలి.

ఇల్లు కొనే హడావుడిలో నూటికి తొంభై మంది చేసే తప్పే ఇది. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 28 లక్షల సలహా సంగతి చూద్దాం. అసలు ధర దాచి తక్కువ చూపించడం చట్టం ఒప్పుకోని పని. అది పక్కన పెట్టి, ఒట్టి లాభనష్టాలే చూద్దాం. 42 లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు 3.15 లక్షలు. 28 మీద 2.10 లక్షలు. మిగిలేది లక్షా ఐదు వేలు. కానీ బ్యాంకు అప్పు ఇచ్చేది కాగితాల్లో ఉన్న ధరను బట్టే. అసలు ధర రాస్తే 80 శాతం లెక్కన 33 లక్షల దాకా రావాల్సిన లోను 24 దగ్గర ఆగింది అందుకే. ఆ తగ్గినదాన్నే మీరు నూటికి రెండు రూపాయలకు తెస్తున్నారు. 6 లక్షలకు నెలకు 12 వేలు, అదీ ఒట్టి వడ్డీ. తొమ్మిది నెలలు తిరిగేసరికి మిగిలిందనుకున్న లక్షా ఐదు వేలూ పోతాయి. అసలు ఆరు లక్షలు అలాగే ఉంటుంది. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతమండీ! ఇరవై ఏళ్లు ఉండబోయే ఇంటిని క్రెడిట్ కార్డు మీద కొన్నట్టే. ఆ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టొద్దు. దీనికి రెండో మాట లేదు.

పైగా 14 లక్షలు నగదుగా ఇచ్చినట్టు మీ దగ్గర రుజువు ఉండదు. ఇల్లు, స్థలాల బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధించింది. రేపు ఓనరు అడ్డం తిరిగితే ఎవరికి చెప్పుకుంటారు?

ఇక ఏజెంటు. ఉండనివ్వండి. పాలమూరు లాంటి ఊళ్లో ఏ ఇల్లు అమ్మకానికి ఉంది, పక్క గల్లీలో మొన్న నిజంగా ఎంతకు తెగింది అన్నవి అతనికే తెలుస్తాయి. మీరు ముఖం మీద చెప్పలేని ధర అతను మీ తరఫున చెప్పగలడు. కానీ బేరం కుదిరితేనే అతనికి డబ్బు. చాలాసార్లు అటువైపు నుంచి కూడా తీసుకుంటాడు. కాబట్టి కాగితాలు చూసే పని అతనికి అప్పగించకండి. ఒక శాతానికి మాట్లాడుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాకే, ఖాతాలోకే ఇవ్వండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరు చూపించినా మురిసిపోనక్కర్లేదు. ఆ చట్టం కొత్త ప్రాజెక్టులకు. మీరు కొనే పాత ఇంటికి దాంతో రక్షణ రాదు.

లాయరును మీరే వెతుక్కోండి, ఏజెంటు చూపించినవాణ్ని కాదు. మీ కేసులో నాకు గుచ్చుకున్న మాట ‘ఇద్దరు అన్నదమ్ములు’. తల్లి ఉందా? ఆడపిల్లలున్నారా? తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే పెళ్లయిన కూతురికీ సమాన వాటా ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ సంతకానికి వస్తేనే ముందుకెళ్లండి. ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. కానీ చెల్లెలి అలక ఈసీలో కనిపించదు.

మళ్లీ ఆ ఆరు వేల దగ్గరికే వస్తాను. 24 లక్షలకు ఇరవై ఏళ్లకు, 8.5 శాతం వడ్డీతో ఈఎంఐ దాదాపు 20,800. చేబదులు వడ్డీ 12 వేలు. బంగారం మీద 10 శాతం అనుకున్నా 3,300. నెలకు 36 వేలు, అంటే మీ ఇద్దరి జీతంలో సగం. చాలా ప్రైవేటు స్కూళ్లలో వేసవి రెండు నెలలు జీతం రాదు. మీ ఆవిడ స్కూల్లో ఎలాగో మీకే తెలుసు. మీ కంపెనీలో ఒక షిఫ్టు తగ్గించినా, పిల్లలకు డెంగీ వచ్చినా, వర్షాకాలం ఆ పాత ఇంటి స్లాబు కారినా ఎవరిని అడుగుతారు? ఆ రెండు రూపాయలాయననే. నేనూ ఒకసారి ఉన్న ఎఫ్‌డీలన్నీ ఊడ్చి ప్లాటు కొన్నాను. మూడో నెలలో నాన్నకు స్టెంటు వేయాల్సి వచ్చింది. మా ఆవిడ గాజులు తీసి టేబుల్ మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ప్లాటు ధర ఎంత పెరిగిందో ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ టేబులే గుర్తొస్తుంది.

మీ 11 లక్షల్లోంచి 3 లక్షలు ఇవాళే వేరే ఎఫ్‌డీలో వేయండి. ఇంటి పేరెత్తినప్పుడు ఆ డబ్బు లేదనే అనుకోండి. మిగిలింది 8 లక్షలు. కాగితాల్లో అసలు ధరే రాసి, బ్యాంకు ఇవ్వని 20 శాతం మన వాటా, రిజిస్ట్రేషన్, ఒక శాతం కమీషన్ కలిపితే ఇంటి ధరలో 28.5 శాతం మన చేతిలోంచి పోవాలి. అంటే ఇవాళ మీ స్తోమత 28 లక్షల ఇల్లు. 42 లక్షల ఇల్లే కావాలంటే ఇంకో 4 లక్షలు కావాలి. నెలకు 20 వేలు పక్కన పెడితే ఇరవై నెలలు. అప్పటికి ఈ ఇల్లు ఉండకపోవచ్చు. ఇంకో ఇల్లు ఉంటుంది. అప్పటి ఈఎంఐ 29 వేల దగ్గర ఉంటుంది, అద్దె తప్పుతుంది కాబట్టి లాక్కురావచ్చు. బంగారం ముట్టుకోకండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఊసు మీ ఉత్తరంలో లేదు, లోను కన్నా ముందు అది తీసుకోండి.

బయానా ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చి ఉంటే ఎంత, ఎవరి చేతికి, రశీదు మీద అన్నదమ్ములిద్దరి సంతకాలూ ఉన్నాయా లేక ఏజెంటుది ఒక్కటేనా, రాసి పంపండి.