జర్మన్ తత్వవేత్తలు అడోర్నో, హోర్క్‌హైమర్ ‘మాస్ కల్చర్’ (జన సంస్కృతి) అనకుండా ‘సంస్కృతి పరిశ్రమ’ అని ఎందుకన్నారు?

మాస్ కల్చర్ అంటే జనంలోంచి దానంతట అదే పుట్టుకొచ్చిందన్న అర్థం వస్తుంది. అందుకే చిత్తుప్రతిలో వాడిన ఆ మాట తీసేసి ‘సంస్కృతి పరిశ్రమ’ అని పెట్టామని అడోర్నో తర్వాత వివరించాడు. జనం పాడుకునే పాట వేరు, జనానికి అమ్మడానికి తయారుచేసే పాట వేరు.

నాజీల వల్ల జర్మనీ వదిలిన ఈ ఇద్దరూ 1940ల్లో లాస్ ఏంజిలస్‌లో, అంటే హాలీవుడ్ నీడలోనే ఉంటూ ‘డయలెక్టిక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్’ అనే పుస్తకం రాశారు. ఈ మాట అందులోదే. ఆ పుస్తకం 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. మనిషిని భయం నుంచి విడిపించాల్సిన హేతుబుద్ధే, మనిషిని అదుపులో పెట్టే పనిముట్టుగా ఎలా మారిందన్నది వాళ్లను వేధించిన ప్రశ్న. సినిమా, రేడియో లాంటివాటిని సరుకులా తయారుచేసే ఈ సంస్కృతి పరిశ్రమ దానికి ఒక ఉదాహరణ.

వాళ్లు చూపించినవి చాలా మామూలు విషయాలు. టెలిఫోన్‌లో మనమూ మాట్లాడొచ్చు. రేడియో మాత్రం అందరినీ శ్రోతలుగా కూర్చోబెట్టి ఒకేలాంటి కార్యక్రమాలు వినిపిస్తుంది, తిరిగి జవాబిచ్చే దారి ఉండదు. కార్టూన్‌లో డోనల్డ్ డక్ దెబ్బలు తింటుంటే ప్రేక్షకుడు నవ్వుతాడు. అలా నవ్వుతూనే తనకు పడే దెబ్బలకు అలవాటు పడతాడని వాళ్ల మాట. నన్ను బాగా కదిలించింది ఈ పరిశీలనే. పని అలసట తీరాలని చూసే వినోదం, మర్నాడు మళ్లీ అదే పనికి మనిషిని సిద్ధం చేస్తుందన్నమాట.

అయితే జాజ్ సంగీతం మీద అడోర్నో తీర్పు మరీ కఠినం, దానితో నేను ఏకీభవించను. ఆయన మిత్రుడు, విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ సినిమాలో విముక్తికి అవకాశం కూడా చూశాడు. కాబట్టి అడోర్నోనీ బెంజమిన్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.