ఎచింగ్ నేర్చుకోవడానికి నలుగురూ వాడుకునే స్టూడియోలో చేరాలా, సొంత ప్రెస్సు కొనుక్కోవాలా?

ప్రశ్న: లినోలియం షీటు మీద లినోకట్‌లు చెక్కి, ఇంట్లోనే చెంచా వెనక వైపుతో రుద్ది అచ్చు తీస్తున్నాను. ఇప్పుడు ఎచింగ్, అంటే లోహపు ప్లేటు మీద గీతలను ద్రావణంతో లోతు చేసి అచ్చు తీయడం, నేర్చుకోవాలని ఉంది. నలుగురూ కలిసి వాడుకునే ఓపెన్ యాక్సెస్ స్టూడియోలో సభ్యత్వం తీసుకోనా, ఆ డబ్బుతో చిన్న ప్రెస్సు కొనుక్కోనా? అక్కడ నేర్పే ఆర్టిస్టులు కొత్తవాళ్ళను పట్టించుకుంటారా?

జవాబు:

స్టూడియోలో చేరండి. ప్రెస్సు కొనాలో వద్దో ఒక ఏడాది పని చేశాక మీకే తెలుస్తుంది. నేనూ మీలాగే చెంచాతో మొదలుపెట్టి, ఆరేళ్ళ కింద ఇలాంటి స్టూడియోలో చేరాను. పెద్ద ప్రెస్సు కోసమే చేరాను. తీరా చేరాక, పక్క బల్లల దగ్గర పని చేసుకునేవాళ్ళను చూసే ఎక్కువ నేర్చుకున్నాను.

ఎచింగ్‌లో మైనపు పూత మీద గీయడం, ప్లేటును ద్రావణంలో ఉంచి గీతలు లోతు చేయడం వీడియోలు చూసి చాలావరకు పట్టుకోవచ్చు. నేను ఆగిపోయింది తుడవడం దగ్గర. ప్లేటు నిండా ఇంకు పట్టించి, గీతల్లో ఉన్నది ఉంచి, పైన ఉన్నదంతా తుడిచెయ్యాలి. చెప్పడానికి ఇంతే. నా మొదటి ఆరు ప్రూఫుల్లో (పరీక్షగా తీసిన అచ్చుల్లో) సగం మసి పట్టినట్టు వచ్చాయి, మిగతావాటిలో గీతలే సరిగా పడలేదు. ఆ రోజు క్లాసు లేదు. మాకు ఎచింగ్ నేర్పే మేడమ్ తన ప్లేటు పని తాను చేసుకుంటున్నారు. నా ప్రూఫులు చూసి లేచి వచ్చి, నా చేతి మీద తన చెయ్యి పెట్టి తుడిపించారు. ఎంత తేలిగ్గా తుడవాలో అప్పుడు అర్థమైంది. నేను మొండి మరక వదిలించినట్టు ఒత్తుతున్నాను, గుడ్డ గీతల్లోకి దిగి ఇంకును లాగేస్తోంది. గంజి పెట్టిన వల లాంటి ఆ గుడ్డను అడుగు చదునుగా ఉండేలా ఉండచుట్టి, ప్లేటు పైపైన గుండ్రంగా తిప్పుతూ, ఇంకు పట్టిన వైపు మారుస్తూ పోవాలి. తర్వాత పల్చటి కాగితాన్ని ప్లేటు మీద పరిచి అరచేత్తో జార్చాలి. చివర్లో అరచేతికి కాస్త సుద్దపొడి రాసుకుని అంచుల వైపు ఒక్కోసారి లాగాలి. ప్లేటు చల్లబడితే ఇంకు బిగుసుకుంటుంది కాబట్టి ముందే గోరువెచ్చగా చేసుకోవాలి. కాగితం కూడా అంతే. నానబెట్టాక బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తితే, పైన నీటి మెరుపు పోయి, తాకితే చల్లగా మాత్రమే తగలాలి. ఏడో ప్రూఫులో గీత నల్లగా, చుట్టూ కాగితం తెల్లగా వచ్చింది. అది ఇప్పటికీ నా గోడ మీద ఉంది.

కొత్తవాళ్ళను పట్టించుకుంటారా అని అడిగారు. నేను చూసినంతవరకు, సొంత పని కూడా ఆ స్టూడియోలోనే చేసుకునే ఆర్టిస్టులు బాగా పట్టించుకుంటారు. మేడమ్ ఒక అక్వాటింట్ ప్లేటు (గీతలు కాకుండా నీడల్లాంటి ఛాయలు ఇచ్చేది) మీద మూడు నెలలు కష్టపడటం నేను చూశాను. ఒక మూల అనుకున్నదానికన్నా నల్లగా వచ్చింది. స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో మెరుగుపెట్టి, మళ్ళీ రెజిన్ పొడి చల్లి, మళ్ళీ ద్రావణంలో పెట్టారు. ఏ ప్లేటును ఎన్ని నిమిషాలు ఉంచారో, ఆ రోజు ద్రావణం ఎంత చల్లగా ఉందో అన్నీ ఒక నోటుబుక్కులో రాసి, దాన్ని బల్ల మీద అందరికీ తెరిచే ఉంచేవారు. చలిగా ఉన్న రోజు రాగి ప్లేటును ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఎక్కువసేపు ఎందుకు ఉంచాలో నాకు ఆ నోటుబుక్కు వల్లే తెలిసింది. ప్లేటును బోర్లా పెట్టాలని కూడా అందులోనే ఉంది, లేకపోతే గీతల్లో మడ్డి చేరి కొరుకుడు మందగిస్తుంది.

అందరూ అలా ఉండరు. ఇంకో చోట ఒక చిన్న వర్క్‌షాపుకి వెళ్తే, నేర్పేవారు నా ప్లేటు తీసుకుని తామే తుడిచి అందమైన ప్రూఫు తీసి ఇచ్చారు. ఇంటికి సంతోషంగా వెళ్ళాను. వారం తర్వాత నా చేతులతో అందులో సగం కూడా రాలేదు.

కలిసి పని చేయడంలో ఈ బలం కొత్తది కాదు. ఇంగ్లీషు ప్రింట్ ఆర్టిస్టు స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్‌లో మొదలుపెట్టిన అటెలియే 17 అనే స్టూడియోలో పేరున్న చిత్రకారులూ కొత్తవాళ్ళూ పక్కపక్కనే పని చేసేవారు. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన మన ప్రింట్ ఆర్టిస్టు కృష్ణారెడ్డి గారు అక్కడికి వెళ్ళి, తర్వాత ఆ స్టూడియోకే సహ డైరెక్టర్ అయ్యారు. ఆయన, మరో భారతీయ ఆర్టిస్టు కైకో మోటీ, హేటర్ పని చేసిన ఆ గదుల్లోనే విస్కాసిటీ ప్రింటింగ్ రూపం తీసుకుంది. ఒకే ప్లేటు మీద వేర్వేరు లోతులు చేసి, గట్టి రోలర్‌తో నూనె ఎక్కువున్న ఇంకును ఎత్తైన చోట్ల పట్టిస్తారు. తర్వాత మెత్తటి రోలర్‌తో జిగురు ఎక్కువున్న ఇంకును లోతుల్లోకి పంపుతారు. నూనె ఇంకు ఉన్న చోట జిగురు ఇంకు అంటదు, దాంతో రంగులన్నీ ఒకే అచ్చులో వస్తాయి. ఇలాంటిది నలుగురి ప్రయోగాలు ఒకరికొకరు చూసుకునే చోటే పుడుతుందని నా నమ్మకం.

ఉమ్మడి చోటు కాబట్టి జాగ్రత్త కూడా కావాలి. రెండో నెలలో నేను ప్లేటు అంచులు ఆకురాయితో ఏటవాలుగా అరగదీయకుండా ప్రెస్సులో పెట్టాను. పదునైన అంచు కాగితాన్ని చీల్చి, పైనున్న ఫెల్టును (ప్రెస్సులో కాగితం మీద పరిచే మెత్తటి ఉన్ని గుడ్డను) కూడా కోసేసింది. ఆ ఫెల్టు అందరిదీ. చాలా టెన్షన్ పడ్డాను, కానీ ఆ పూటే వెళ్ళి చెప్పేశాను. కొత్త ఫెల్టు ఖర్చులో నా వంతు ఇచ్చాను. స్టూడియో చూసుకునే ఆయన నన్ను కూర్చోబెట్టి నాలుగు అంచులూ నలభై అయిదు డిగ్రీల ఏటవాలుకు అరగదీయించారు. మీ వల్ల ఏది పాడైనా వెంటనే చెప్పండి, తర్వాత వచ్చేవాళ్ళ ప్లేటు దాని కిందే నలుగుతుంది. శుభ్రం చేయడానికి చివరి అరగంట తప్పకుండా ఉంచుకోండి. ఇంకును ముందు వంటనూనెతో వదిలిస్తే ఘాటు ద్రావకాల అవసరం చాలా తగ్గుతుంది.

చేరే ముందు క్లాసు లేని రోజు ఒకసారి వెళ్ళి చూడండి. నేర్పేవాళ్ళు అదే ప్రెస్సు మీద తీసిన ప్రింట్లు చూపించమని అడగండి. యాసిడ్ గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఉందో లేదో, రెజిన్ పొడి చల్లే పెట్టె విడిగా ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. ఇవి లేని చోట నేనైతే చేరను. ఒంటరిగా ప్రెస్సు వాడనిచ్చే ముందు శిక్షణ ఇస్తారా, తడి ప్రింట్లు ఆరబెట్టే చోటు ఉందా, మీకు కుదిరే వేళల్లో తెరిచి ఉంటుందా అన్నవి కూడా కనుక్కోండి. లినోకట్‌లు మాత్రం ఇంట్లో మానకండి, వాటికి మీ చెంచా చాలు.

మొదటి రోజుకి అరచేయంత రాగి ప్లేటు చాలు. అక్వాటింట్ జోలికి పోకుండా గీతలు మాత్రమే గీయండి. దాన్నుంచి పది ప్రూఫులు తీసి, వెనక పెన్సిల్‌తో ఏది ఎలా తుడిచారో రాసి, వరసగా గోడకు పిన్ను చేయండి. తర్వాత పక్క బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళను పిలిచి చూడమనండి.