అమ్మానాన్నలతో టోక్యోలో ఖరీదైన ఇజకయాకి: రెండుసార్లు వెళ్లిన అనుభవంతో

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి నా టెన్షన్ గుర్తొచ్చిందండి. వచ్చే నెల అమ్మానాన్నల పెళ్లిరోజుకి టోక్యోలో మంచి ఇజకయాలో (జపాన్ వాళ్లు తాగుతూ, తింటూ కూర్చునే హోటల్) టేబుల్ బుక్ చేశానన్నారు. అక్కడ ఎవరి భోజనం వాళ్లకి రాదు, చిన్న చిన్న ప్లేట్లు మధ్యలో పెడితే అందరూ పంచుకోవాలి. అమ్మ శాకాహారి, నాన్నగారికి ఎంగిలి పట్టింపు. ఎలా ఆర్డర్ చేయాలి, ఎంతవుతుంది అని అడిగారు. నేను ఎనిమిదేళ్లుగా టోక్యోలోని నిషికసాయ్‌లో ఉంటున్నాను. మావాళ్లు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఇలాంటి చోట్లకే రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి పెద్ద పొరపాటు చేశాను కాబట్టి ముందు అదే చెబుతాను.

బుక్ చేసేటప్పుడు "మా అమ్మ వెజిటేరియన్" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. వాళ్లూ సరేనన్నారు. అగెదాషి టోఫు వచ్చింది. పల్చగా పిండి పట్టించి వేయించిన టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలు, గిన్నె అడుగున వేడివేడి గోధుమరంగు రసం. అమ్మ రెండు ముక్కలు తిని "బాగుందిరా, వెన్నలా ఉంది" అంది. అప్పుడు చూశాను. ముక్కల మీద కాగితం కన్నా పల్చని తురుము, ఆవిరికి మెల్లగా కదులుతోంది. అది కత్సువోబుషి. కత్సువో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి చెక్కలా గట్టిపడ్డాక తీసే తురుము. పైన ఉన్నది ఏరేసినా లాభం లేదు, అడుగున ఉన్న రసం కూడా దానితో కాచిందే. చెప్పక తప్పలేదు. అమ్మ చెంచా పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, "తెలియక తిన్నాంలే, నువ్వు బాధపడకు" అంది. బుద్ధెరిగాక నీచు ముట్టని మనిషి. ఆ రాత్రి మరేమీ తినలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వంటవాళ్ల తప్పేం లేదు. మాంసం ముక్క కనబడకపోతే అది శాకాహారమే అనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. మన పులుసులకి చింతపండు ఎలాగో, వాళ్ల వంటకి దాషి అలాగ. కొంబు అనే సముద్రపు నాచుతో, కత్సువోబుషితో కాచిన పల్చటి రసం అది. మిసో (సోయా గింజలను పులియబెట్టి చేసే ముద్ద) సూప్‌లో, గుడ్డుతో ఆవిరికి పెట్టే చవన్‌ముషిలో, టెంపురా (పిండిలో ముంచి వేయించే బజ్జీల్లాంటివి) పక్కన ఇచ్చే రసంలో, ఆఖరికి కొన్ని సోయా సాస్‌లలో కూడా అది ఉంటుంది. కానీ చేప లేకుండానూ దాషి కాయొచ్చు. 1908లో కికునాయె ఇకెద అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే కమ్మటి రుచికి మూలాన్ని కొంబులోంచే వేరు చేశారు. బౌద్ధ ఆలయాల వంటలో కొంబు, ఎండు షీటాకె పుట్టగొడుగులు నానబెట్టిన రసమే వాడతారు. అందుకని రెండోసారి ఫోన్‌లో ఇలా అడిగాను: "నికు మొ సకన మొ తబెమసెన్. కత్సువో దాషి మొ దమె దెసు. కొంబు దాషి దె ఒనెగై షిమాసు." మాంసం, చేప తినరు, చేప దాషి కూడా పనికిరాదు, కొంబుతో చేయండి అని. అవతలి ఆయన రాసుకుని మళ్లీ చదివి వినిపించారు.

ఆరోజు అమ్మ కడుపునిండా తింది. ఉడికించి ఉప్పు చల్లిన ఎదమామె అనే పచ్చి సోయా కాయలు, షిషితో మిరపకాయలు కాల్చినవి, రసం బదులు ఉప్పు అద్దుకునే కూరగాయల టెంపురా. అన్నిటికన్నా నచ్చింది నాసు దెంగకు. వంకాయను నిలువునా రెండుగా కోసి, లోపల గళ్లుగా గాట్లు పెట్టి, తియ్యటి మిసో పూసి కాలుస్తారు. చెంచాతో తీస్తే గుజ్జు ఊడి వస్తుంది. "మన వంకాయేరా, కారం లేదంతే" అంది. దెంగకు మిసోలో కూడా కొందరు దాషి, గుడ్డు కలుపుతారు. దాన్ని విడిగా అడగండి.

నాన్న చేప తింటారు కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. మేం కౌంటర్ ముందు కూర్చున్నాం. షెఫ్ మా కళ్లెదుటే వసాబి అనే ఘాటైన వేరును సొర చేప చర్మం అంటించిన చెక్క మీద గుండ్రంగా, నెమ్మదిగా అరగదీశారు. మా తాతగారు సానరాయి మీద గంధం తీసేది గుర్తొచ్చింది. నాన్న కూడా అదే అన్నారు. తాజా వసాబి ఘాటు కొన్ని నిమిషాలే ఉంటుంది, అందుకే అప్పటికప్పుడు తీస్తారు. ట్యూబుల్లో దొరికే చాలా రకాల్లో ఎక్కువ పాలు వేరే ఘాటు వేరైన హార్స్‌రాడిషే. గిందరా సైక్యో యాకి ఉంటే నాన్నగారికి తప్పక తెప్పించండి. తియ్యటి తెల్ల మిసోలో రెండు మూడు రోజులు ఊరబెట్టి కాల్చిన చేప, చాప్‌స్టిక్ తగిలిస్తే చాలు రేకులుగా విడిపోతుంది.

ఇక ఎంగిలి సంగతి. మీ నాన్నగారిని నిశ్చింతగా ఉండమనండి, ఈ విషయంలో జపాన్ వాళ్ల పద్ధతి మనదే. సొంత చాప్‌స్టిక్స్ ఉమ్మడి ప్లేట్‌లో పెట్టడాన్ని జికబాషి అంటారు, మర్యాద కాదు. వడ్డనకి వేరే చాప్‌స్టిక్స్ ఉంటాయి. అవి టేబుల్ మీద లేకపోతే "తొరిబాషి ఒనెగై షిమాసు" అంటే తెస్తారు. ఎవరి ముందు వాళ్లకి తొరిజరా అనే చిన్న ప్లేటు పెడతారు, అందులోకి తీసుకుని తినడమే. మా నాన్న మొదటి అయిదు నిమిషాల్లోనే వడ్డన తన చేతిలోకి తీసుకున్నారు, పెళ్లి పంక్తిలో నిలబడ్డట్టే.

రెండు పనులు మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరు చాప్‌స్టిక్స్‌తో ముక్క అందుకోకూడదు. ఇక్కడ దహనం అయ్యాక అస్థికలను చాప్‌స్టిక్స్‌తోనే ఏరి కలశంలో వేస్తారు, అది గుర్తొస్తుంది. అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మన పెద్దవాళ్లకి ఈ మాట ఒక్కసారి చెబితే చాలు, రెండోసారి చెప్పే పని ఉండదు.

మొదటిసారి నేను మెనూ చూసి తొమ్మిది రకాలు ఒకేసారి చెప్పేశాను. టేబుల్ నిండిపోయింది, టెంపురా చల్లారి మెత్తబడింది. మూడు నాలుగు చొప్పున చెప్పండి. ముందు చల్లటివి, పచ్చి చేప, ఆ తర్వాత కాల్చినవి, వేయించినవి. అన్నం వాళ్లకి చివర్లోనే. నాన్న మాత్రం అన్నం ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు. మట్టికుండలో వండే అన్నం అయితే అరగంట పైనే పడుతుంది, సగం భోజనంలో ఉండగానే చెప్పేయండి. అమ్మగారికి దాషి కలపని తెల్ల అన్నమే అడగండి. ముక్కలు మూడో అయిదో వస్తుంటాయి, మీరెంతమందో చెబితే చాలాచోట్ల సరిచేసి ఇస్తారు. చివరి ముక్క ఎవరూ ముట్టకుండా మిగిలిపోతే కన్సాయ్ (ఒసాకా, క్యోటో వైపు) వాళ్లు దాన్ని 'ఎన్ర్యో నొ కతమరి' అంటారు, మన మాటల్లో మొహమాటపు ముద్ద. మా ఆఫీసు సీనియర్ ఒకాయన ఆ మాట చెప్పినప్పుడు జపాన్ నాకు ఇంకొంచెం దగ్గరైనట్టనిపించింది.

ఖర్చు: రెండోసారి నలుగురికి, ఎవరూ తాగకుండా, మనిషికి 13 వేల యెన్‌లు అయింది. అడక్కుండానే ముందు వచ్చే చిన్న గిన్నె ఉచితం కాదు, ఒతోషి అంటారు, మాకు తలకి 800 వేశారు. అమ్మగారి ఒతోషిలో కూడా చేప లేకుండా చూడమనండి. 10 శాతం పన్ను ఉంటుంది, ఇలాంటి కొన్నిచోట్ల సర్వీస్ ఛార్జ్ కూడా వేస్తారు. టిప్పు ఇవ్వక్కర్లేదు. తాగనివాళ్లు ఊలాంగ్ టీ చెప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఫోన్ మాత్రం వారం ముందే చేయండి, సాయంత్రం రద్దీ మొదలవకముందు. ముందురోజు మళ్లీ ఒకసారి గుర్తుచేయండి, కొంబు నానబెట్టేది ఆ రాత్రే.