చిట్టికి, మూడు వేసవుల గురించి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ నీ ఎక్సెల్ షీట్ వాట్సాప్‌లో పంపింది. కాలేజీ అడ్మిషన్ కోసం మూడు వేసవి సెలవులు, మూడు రంగులు, వారానికొక గడి. నైన్త్ చదివే పిల్ల ఇంత ఆలోచించిందా అని మీ పెదనాన్నకి చూపిస్తే ఆయన కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివారు. చాలా గర్వంగా అనిపించింది తల్లీ. కానీ ఈ జూన్ గడుల్లో స్కూల్ పిల్లలకి యూనివర్సిటీలో నడిపే ఆ మూడు వారాల ప్రీకాలేజ్ ప్రోగ్రాం, పక్కన ఏడు వేల డాలర్లు అని చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకుండానే లేచి ఇది టైప్ చేస్తున్నా. ఫోన్‌లో చెప్తే "ఓకే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు. అమెరికాలో ఫ్రిస్కో వచ్చేదాకా విజయవాడలోనే చదివావు కాబట్టి తెలుగు బాగానే చదువుతావు, తెలియని మాట ఉంటే తెనాలికి ఫోన్ చేసి అమ్మమ్మని అడుగు, ఆవిడకీ సంతోషం.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చెప్పేస్తా. కాలేజీ అడ్మిషన్ పరీక్ష ఎస్ఏటీకి టెన్త్ తర్వాత వేసవిలో చదువుకుని ఆగస్టులో ఒకసారి రాసెయ్. లెవెన్త్ తర్వాత వేసవిలో ఇంకేం పెట్టుకోకపోయినా చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్ అయిన కామన్ యాప్ 650 మాటల ఎస్సేకి డ్రాఫ్ట్ మాత్రం మీ స్కూల్ తెరిచేలోపు ఉండాలి, యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, మీ టెక్సాస్‌లో ఆ నెల మధ్యకల్లా క్లాసులు మొదలైపోతాయి. పేరున్న ఉచిత ప్రోగ్రాములకి చలికాలంలోనే అప్లై చెయ్యాలి, ఎంఐటీలో జరిగే రీసెర్చ్ ప్రోగ్రాం ఆర్ఎస్ఐకి అయితే డిసెంబర్‌లోనే, అదీ లెవెన్త్‌లో ఉన్నప్పుడు. లబ్బక్‌లో టెక్సాస్ టెక్ వాళ్ళ క్లార్క్ స్కాలర్స్ అనే రీసెర్చ్ ప్రోగ్రాంకి తీసుకునేదే పన్నెండు మందిని. అప్లై చెయ్, రాకపోతే ఏడవకు. ఇంకోటి, యూటీ ఆస్టిన్ 2026 ఫాల్ నుంచి స్కూల్ ర్యాంకుని బట్టి ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌ని టాప్ 6 నుంచి టాప్ 5 పర్సెంట్‌కి తగ్గించిందని మీ అమ్మ కంగారు పడుతోంది, ఆ ర్యాంకు స్కూల్ నడిచే నెలల్లో తెచ్చుకునేది, దానికోసం వేసవిని ట్యూషన్లతో నింపొద్దు.

ఇప్పుడు నా భయం. నీకు విసుగొచ్చినా సరే ఇది రెండుసార్లు చదువు. నువ్వు హెచ్4 మీద ఉన్నావు, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా. నీ ఫ్రెండ్స్ ఐస్‌క్రీమ్ షాపులో, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డుగా వేసవి ఉద్యోగాలు చేస్తారు, నువ్వు చెయ్యకూడదు. 2015లో వచ్చిన హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు, భార్యాభర్తలకే, అందులోనూ కొందరికే, పిల్లలకి లేదు. తెలిసిన అంకుల్ ఎవరో స్టోర్‌లో క్యాష్ ఇస్తానన్నాడని వెళ్ళొద్దు. "జీతం లేని ఇంటర్న్‌షిప్పే కదా పెద్దమ్మా" అంటావు, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసినా అది చిక్కే. ఏ ప్రోగ్రామైనా స్టైపెండ్ ఇస్తానంటే మీ నాన్న లాయర్‌ని అడిగేదాకా సరే అనకు. లైబ్రరీ, ఫుడ్ బ్యాంక్, గుడి, ఇలాంటి చోట్ల నిజంగా వాలంటీరుగా చేసేదానికి ఇబ్బంది లేదు. అప్లికేషన్ మొదలుపెట్టే ముందు ఎలిజిబిలిటీ పేజీ చదువు, సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమే అని ఉంటే ఆ ట్యాబ్ మూసెయ్. మా వాడు, మీ అన్నయ్య, అలాంటి ఒకదానికి రెండు వారాలు కూర్చుని ఎస్సేలు రాశాడు, చివరి పేజీలో ఉంది ఆ లైను. వాడు లాప్‌టాప్ మూసి కిందకొచ్చి, ఏమీ మాట్లాడకుండా అన్నం కలుపుకోవడం నాకింకా గుర్తే.

అన్నయ్య సంగతి వచ్చింది కాబట్టి అసలు చెప్పాల్సింది చెప్తా. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మేం 2008లో న్యూజెర్సీలో ఎడిసన్ వచ్చాం, అన్నయ్యకి ఎనిమిదేళ్ళు. నేను ఏడేళ్ళు ఇంట్లోనే ఉన్నా, ఎం.ఎస్సీ. చేసిన దాన్ని. 2015లో ఆ రూల్ రాగానే అప్లై చేసి, కార్డు చేతికొచ్చాక చిన్న ఉద్యోగంలో చేరాను. సొంత జీతం అంటే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను చిట్టీ. ఆ డబ్బు వాడికోసమే ఖర్చు పెట్టాలని ఉండేది. 2016 వేసవికి ఒక పెద్ద యూనివర్సిటీ పేరున్న ప్రోగ్రాం, క్యాంపస్‌లో మూడు వారాలు, డార్మ్‌లో ఉండటం, పిల్లాడికి మెయిల్ వచ్చింది, "సెలెక్ట్ అయ్యావు" అని. నేను గుడిలో ప్రసాదం కూడా పంచాను. ఫీజు కట్టగలిగిన వాళ్ళలో చాలామందికి అదే మెయిల్ వస్తుందని, ఆ ప్రోగ్రాంకీ ఆ యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసుకీ సంబంధం లేదని నాకప్పుడు తెలియదు. వెబ్‌సైట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేను అక్కడిదాకా చదవలేదు.

అప్పటికి వాడు ఎయిత్ నుంచీ మా ఊరి లైబ్రరీ వెనక గదిలో చిన్నపిల్లలకి చెస్ నేర్పేవాడు. శనివారాలు, వేసవిలో అయితే వారానికి మూడు రోజులు. ఆరుగురో ఏడుగురో పిల్లలు, రెండు బోర్డులు, ఒక చెక్కపెట్టె. నల్ల ఏనుగు ఒకటి పోతే దాని స్థానంలో నీళ్ళ సీసా మూత పెట్టి ఆడించేవాడు, ఆ మూతకి మార్కర్‌తో తొండం కూడా గీశాడు. ఒక చైనీస్ పిల్లవాడు ఇంగ్లీష్ సరిగ్గా రాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, మీ అన్నయ్య పక్కన కూర్చుని గంటలు గంటలు ఆడేవాడు. నేను కార్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ "ఎంత టైం వేస్ట్ చేస్తున్నాడు" అనుకునేదాన్ని. ప్రోగ్రాం తేదీలు కుదరక మాన్పించేశాను. వాడు ఒక్కసారే అడిగాడు, "ఇంకెవరైనా వచ్చేదాకా ఆగనా" అని. ఎవరూ రాలేదు, ఆ క్లబ్ ఆగస్టులో ఆగిపోయింది. తర్వాతి వేసవి ఇంకో కోర్సు, అదీ నేను చెప్పిందే.

2017లో అప్లికేషన్లు నింపుతున్నప్పుడు పక్కనే కూర్చున్నా. కామన్ యాప్‌లో పది యాక్టివిటీలకి చోటుంటుంది, ఒక్కోదాని గురించి 150 అక్షరాలే రాయనిస్తుంది, పక్కన ఏ క్లాసుల్లో చేశావు, ఏడాదికి ఎన్ని వారాలు, వారానికి ఎన్ని గంటలు అని అడుగుతుంది. అంత డబ్బు పోసిన ఆ ప్రోగ్రాంకి "మూడు వారాలు" అని నింపాడు, అంతే, ఇంకేం రాయాలో వాడికీ తెలియలేదు నాకూ తెలియలేదు. చెస్ దగ్గర నైన్త్, టెన్త్ టిక్ పెట్టి ఆగిపోయాడు.

ఆ చలికాలం ఒక కాలేజీ పూర్వ విద్యార్థి ఎవరో కాఫీ షాపులో ఇంటర్వ్యూ చేశారు. నేను పార్కింగ్‌లో ఉన్నా. గంట తర్వాత వచ్చి కారెక్కాడు. ఏం అడిగారు నాన్నా అంటే, "చెస్ గురించే ఎక్కువ అడిగారమ్మా, ఆ సీసా మూత సంగతి చెప్తే బాగా నవ్వారు, తర్వాత ఎందుకు మానేశావు అన్నారు" అన్నాడు. నువ్వేం చెప్పావు అన్నా. "ఏం చెప్పలేదు" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నా పేరు చెప్పొచ్చు కదా, మా అమ్మ మాన్పించింది అని. చెప్పలేదు.

ఆ కాలేజీ రాలేదు. చెస్ మానినందుకే రాలేదని నేననను, అంతా కలిపి చూస్తారు, ఎందుకు కాదన్నారో ఎవరూ చెప్పరు. రట్గర్స్ యూనివర్సిటీలో చదివాడు, ఇరవై ఒకటి నిండకముందే హెచ్4 నుంచి ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సొచ్చింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ వాడికి నచ్చిన పనిని ఒక సర్టిఫికెట్ కోసం నేను ఆపేశాను. అది నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే నీ షీట్‌లో నేను వెతికింది వేరే. పోయిన జూలైలో మీ ఇంటికొచ్చినప్పుడు పెరట్లో గోంగూర మొక్కల మీద పాత గొడుగు కట్టి, కింద థర్మామీటర్ పెట్టి, నోట్‌బుక్‌లో తేదీ, టైం, ఎండ ఎంత, ఏ ఆకు వాడింది అని రాసుకుంటున్నావు. ఎవరు చెప్పారే అంటే "నాకే చూడాలనిపించింది పెద్దమ్మా" అన్నావు. నూట రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో బీర తీగ మధ్యాహ్నం వేలాడిపోయి సాయంత్రానికి లేస్తోంది, గోంగూరకి మాత్రం ఏమీ కావట్లేదు, ఎందుకు అని నన్నడిగావు, నాకు తెలియలేదు. ఆ నోట్‌బుక్ నీ షీట్‌లో ఒక్క గడిలో కూడా లేదేంటి తల్లీ? ఎవరిదో పేపర్‌కి డబ్బు కట్టి పేరు వేయించుకునే "రీసెర్చ్ మెంటర్‌షిప్" మాత్రం ఎనిమిది గడుల్లో ఉంది. నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు, నిన్ను అలా అనుకునేలా చేసిన వాళ్ళ మీద.

ఈ వేసవి ఆ నోట్‌బుక్‌కి ఇవ్వు. మార్చిలో చలి పూర్తిగా పోయాక విత్తనాలు వెయ్, నీడలో కొన్ని, ఎండలో కొన్ని. కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వ్యవసాయ విభాగం ఆగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ వాళ్ళ సాయిల్ ల్యాబ్ ఉంది, మట్టి ప్యాకెట్‌లో వేసి పంపితే కొద్ది డబ్బుకే పరీక్ష చేసి రిపోర్ట్ ఇస్తారు. మీ కాలిన్ కౌంటీలో మాస్టర్ గార్డెనర్స్ అని తోటపనిలో శిక్షణ తీసుకున్న వాలంటీర్లు ఉన్నారు, పెద్దవాళ్ళు, వెళ్ళి అడిగితే ఓపిగ్గా చెప్తారు. వచ్చే ఏడాది మీ ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో మొక్కలు పెంచే ఆంటీలకి నీ నోట్స్ చూసి ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పొచ్చు. లెవెన్త్‌కి వచ్చేసరికి మూడు వేసవుల లెక్కలు నీ చేతిలో ఉంటాయి, అప్పుడు ఏదైనా ల్యాబ్‌కి మెయిల్ రాసినా నీకు అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది. అప్లికేషన్‌లో చూపించడానికి నాన్‌ప్రాఫిట్ అని పేరు పెట్టి వెబ్‌సైట్ చెయ్యాల్సిన పని లేదు.

మా వేసవుల్లో తాతగారు మీ అమ్మనీ నన్నూ తెనాలిలో టైప్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపేవారు. పొద్దున్న ఆరింటి బ్యాచ్, ఏ ఎస్ డి ఎఫ్, ఏ ఎస్ డి ఎఫ్ అని పదిహేను మిషన్లు ఒకేసారి మోగేవి. మీ అమ్మకి చిటికెన వేలు అందక ఏడ్చేది. లోయర్ పాసైంది, ఇప్పుడు తను అంత వేగంగా కోడ్ కొడుతుంటే నాకు ఆ గది గుర్తొస్తుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆవకాయకి ముక్కలు తుడవాలి, తర్వాత అరుగు మీద నిద్ర. ఆ నిద్ర నీకూ కావాలి. నీ షీట్‌లో ఆదివారాలు కూడా నింపావు, అవి ఖాళీ చెయ్.

ఇండియా వెళ్ళడం ఈ వేసవో వచ్చే వేసవో పెట్టుకోండి, లెవెన్త్ తర్వాత వద్దు, అక్కడ వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోతే స్కూల్ తెరిచేనాటికి నువ్వు తెనాలిలో ఉంటావు. అమ్మమ్మ దగ్గర కొండ గోంగూర విత్తనం ఉంది, ఎర్ర కాడది. దాన్ని ఇక్కడికి తేవడానికి పర్మిట్ ఏమైనా కావాలేమో ముందే కనుక్కో, కస్టమ్స్‌లో దాచిపెట్టి తేవద్దు.

ఆ ప్రీకాలేజ్ వాళ్ళకి డిపాజిట్ ఇంకా కట్టలేదని మీ అమ్మ చెప్పింది. కట్టనివ్వకు, నేను తనతో మాట్లాడతా. ఆదివారం మీకు పదింటికి వీడియో కాల్ చేస్తా, నోట్‌బుక్ పక్కన పెట్టుకో, జూలై పేజీలు చూపించు. బీర తీగ ఎందుకు లేస్తోందో ఏమైనా తెలిసిందా?

పెద్దమ్మ