గుర్తున్నా నడుమే వంగుతోంది.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 46. ఆరు నెలలుగా నడుం నొప్పి. బరువులు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, గొంతుకూర్చుని ఎత్తమని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. ఆయన ముందు చక్కగా చేస్తాను. పనిలో పడితే మాత్రం నడుమే వంగిపోతోంది. ఇది నా నిర్లక్ష్యమేనా?

డాక్టర్ సలహా: కాదు. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఎలా వంగాలో, ఎలా పట్టుకోవాలో మనం ప్రతిసారీ ఆలోచించి చేయం. వస్తువు బరువెంత, ఎంత కింద ఉంది, పట్టు దొరుకుతుందా, కాళ్లకు చోటుందా, ఎంత తొందరలో ఉన్నాం.. ఇవన్నీ చూసుకుని మెదడే ఒక పద్ధతి ఎంచుకుంటుంది.

బోర్లించిన గ్లాసును నీళ్లు పోసుకోవడానికి తీసి చూడండి. బొటనవేలు కిందికి వచ్చేలా చేయి మెలితిప్పి పట్టుకుంటారు. ఆ పట్టు ఇబ్బందే, కానీ గ్లాసు తిప్పేసరికి చేయి హాయిగా ఉంటుంది. అమెరికా సైకాలజిస్ట్ డేవిడ్ రోజెన్‌బామ్, సహచరులు కడ్డీలతో చేసి 1990లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ జనం ఇలాగే చేశారు. అంటే తర్వాత చేయాల్సిన పనే ముందు పట్టును నిర్ణయిస్తోంది.

మీ నడుం సంగతీ అంతే. గొంతుకూర్చుని లేవాలంటే వస్తువుతో పాటు ఒంటి బరువునూ తొడ కండరాలే పైకి లేపాలి. కింద పడ్డ పెన్ను కోసం అంత శ్రమ ఎందుకని శరీరం నడుం వంచేస్తుంది. తొడల్లో బలం తగ్గినా, మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఇంకా అటే మొగ్గుతుంది. పెట్టె ఇరుకు మూలలో ఉంటే సరేసరి, మోకాళ్లు వంచే చోటే ఉండదు.

నిజానికి 'మోకాళ్లు వంచండి' అనే ఒక్క మాటతో మేమూ సరిపెట్టేస్తుంటాం. అంతకన్నా ముఖ్యం బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉందన్నది. అదే 10 కిలోలను వెన్నుకు 20 సెంటీమీటర్ల దూరంలో కాకుండా 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఆ బరువు వల్ల నడుం మీద పడే లాగుడు రెట్టింపవుతుంది. మోకాళ్ల మధ్య పట్టని వెడల్పాటి పెట్టెకు గొంతుకూర్చుంటే అది ఇంకా ముందుకు జరుగుతుంది. అప్పుడు లాభం కన్నా నష్టమే ఎక్కువ.

అందుకే మనసుతో పోట్లాడటం మాని పనినే మార్చండి. రోజూ ఎత్తేవాటిని నేల మీద కాకుండా మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తులో పెట్టండి. పెద్ద బరువును రెండుగా చేయండి. ఎత్తేముందు కాళ్ల దగ్గర చోటు చేసుకోండి. తేలికపాటివాటికి ఒక చేయి బల్లకు ఆనించి వంగితే చాలు, ప్రతి వంగుడుకూ భయపడక్కర్లేదు. తొడల బలానికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మంచి వ్యాయామం. నొప్పి పెరిగితే ఆపేయండి. ఈసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు మీరు ఎత్తే పెట్టె సైజు, అది ఉండే ఎత్తు చెప్పి, అలాంటిదానితోనే ప్రాక్టీస్ చేయించమనండి.

ఆరు నెలల నొప్పి కాబట్టి ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయొద్దు. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.