మీటరు రీడింగు ఇవ్వకపోతే సగటు బిల్లు కట్టాల్సిందేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: హనుమకొండలోని మీ ఇంటి మీటరు మూడు నెలలుగా బిల్లింగ్ యంత్రానికి రీడింగు ఇవ్వడం లేదు, ఎండాకాలపు సగటు లెక్కగట్టి బిల్లులు ఇస్తున్నారు, కట్టకపోతే కరెంటు తీసేస్తామంటున్నారు. 2024లో కాజీపేటలో మా అమ్మ ఉండే ఇంట్లో మాకు ఇదే ఎదురైంది కాబట్టి, మేము చేసినదీ, ముందే చేయక ఇబ్బంది పడినదీ రెండూ చెబుతాను.

మీటరు లెక్కించడమే మానేసిందా, లేక లెక్కిస్తూనే చూపలేకపోతోందా అన్నది మీరు ముందు తేల్చుకోవాలి. జూన్‌లో ఒక రాత్రి ఉరుములతో వాన పడిన తర్వాత మా అమ్మ ఇంటి మీటరులో అంకెలు కనబడకుండా పోయాయి. రీడింగు తీసే అబ్బాయి యంత్రాన్ని మీటరుకు ఆనించి రెండు మూడుసార్లు ప్రయత్నించి, రావడం లేదని, మీటరు స్టక్ (కదలకుండా ఆగిపోయింది) అని నమోదు చేసి బిల్లు చింపి ఇచ్చాడు. అయితే అంకెలు ఉండే చోటుకు కిందనే ఉన్న చిన్న ఎర్ర లైటు మాత్రం మిణుకుతూనే ఉంది. ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని మా మీటరు మీదే అచ్చు వేసి ఉంది. ఇంట్లో అన్నీ ఆపేసి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి, అది వేడెక్కి ఆగేలోపు ఒక నిమిషం పాటు లెక్కపెట్టాను. యాభైకి కాస్త పైన వచ్చింది, లెక్క ప్రకారం 53 రావాలి. అంటే కొలిచే భాగం బాగానే ఉంది, చూపే భాగమే పోయింది. అటువంటి మీటరులో అసలు రీడింగు భద్రంగా ఉండే అవకాశం ఉంది, దానిని పరీక్షశాలలో బయటికి తీయించమని అడగవచ్చు. మీరు కూడా ఆ లైటును వీడియో తీసి పెట్టుకోండి.

నేను ఈ విషయాన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం మన రాష్ట్రంలోని శ్లాబులు. అప్పుడు అమల్లో ఉన్న ధరల ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటి 200లోపు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయలు, తరువాతి వాటికి 4.80 రూపాయలు పడతాయి; 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు, ఆపైన 7.70, 9.00 ఇలా పెరుగుతాయి. మా అమ్మకు తెల్ల రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు వాడితే సున్నా బిల్లు రావాలి. కూలరు నడిచిన మూడు నెలల సగటు 228 యూనిట్లు. దానినే జూలై, ఆగస్టు, సెప్టెంబరు బిల్లులకు వేశారు. కూలరు మూలకు చేరిన వానాకాలంలో ఒంటరిగా ఉండే మనిషికి నెలకు 1235 రూపాయల 60 పైసల విద్యుత్ చార్జీ పడింది. ఆమె మూడు నెలలూ ఎవరికీ చెప్పకుండా కట్టుకుంటూ వచ్చింది, ఆ సంగతి దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు గానీ నాకు తెలియలేదు.

సగటు వేయడం తప్పని నేను అనను. మీటరు పనిచేయని కాలానికి అంతకు ముందటి మూడు బిల్లింగ్ కాలాల సగటు తీసుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన సరఫరా నిబంధనలే చెబుతున్నాయి. కానీ సగటు తీసిన కాలంలోనూ, మీటరు పనిచేయని కాలంలోనూ వాడకం పరిస్థితులు వేరుగా ఉండకూడదన్న షరతు కూడా అక్కడే ఉంది, చాలామంది దానిని చదవరు. ఎండాకాలపు వాడకాన్ని వానాకాలానికి అంటగట్టారని మీరు రాయవలసింది ఈ షరతును పట్టుకునే. దీనికి తోడు, కేంద్రం 2020 డిసెంబరు 31న తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి తాత్కాలిక బిల్లులు (అసలు రీడింగు లేకుండా అంచనాతో ఇచ్చేవి) ఇవ్వకూడదు. అంతకు మించి సాగితే, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, అసలు రీడింగుతో బిల్లు వచ్చేవరకు చెల్లింపును నిరాకరించవచ్చు.

అయినా వెంటనే కట్టడం మానేయమని నేను సలహా ఇవ్వను. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక్క రాత్రి కరెంటు లేకపోయినా ఎంత కష్టమో మీకు తెలుసు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం సరఫరా నిలిపివేయాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మీరు అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో చెల్లించిన చార్జీల సగటు గానీ, ఏది తక్కువైతే అది జమ చేస్తే, వివాదం తేలేవరకు సరఫరా తీసేయకూడదు. ఆ అభ్యంతరాన్ని నోటితో చెబితే చాలదు. ఉత్తరం రెండు ప్రతులు విద్యుత్ ఆఫీసుకు తీసుకెళ్ళి, ఒక దానిమీద తేదీతో సహా ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. 1912కు ఫోను చేస్తే ఇచ్చే ఫిర్యాదు నంబరును కూడా అందులో రాయండి.

పాత మీటరు విప్పే రోజు మీరు ఇంట్లో ఉండి తీరాలి. మా ఇంటికి వచ్చిన లైన్‌మన్ మంచివాడే, కానీ మార్పిడి కాగితంలో పాత రీడింగు గడి ఖాళీగా ఉంటే ఏదో అంకె వేయబోయాడు. అంకెలు కనబడడం లేదు, లైటు వెలుగుతోంది, పరీక్షకు పంపాలి అని రాయించి, మీటరు నంబరు, సీలు నంబరు కనిపించేలా ఫొటో తీసుకున్నాను. లోపం మీవల్ల జరగనప్పుడు కొత్త మీటరు ఖర్చు మీరు భరించనక్కరలేదు.

పరీక్షలో మూడు నెలలకు కలిపి 372 యూనిట్లని తేలింది. అప్పుడు ఇంకో పొరపాటు జరిగింది: ఆ 372 యూనిట్లనూ ఒకే నెల వాడకంగా చూపి 2438 రూపాయలు లెక్కగట్టారు. మూడు నెలలకు పంచితే నెలకు 124 యూనిట్లు మాత్రమే, అంటే మూడూ సున్నా బిల్లులే కావాలని మళ్ళీ ఉత్తరం ఇచ్చాను. విద్యుత్ సంస్థ రెవెన్యూ ఆఫీసుకు రెండుసార్లు తిరిగిన తర్వాత సరిచేసి, అమ్మ కట్టిన సొమ్మును ఖాతాలో జమ చేశారు. మీ విషయంలో కూడా సవరించిన బిల్లు వస్తే మొత్తం యూనిట్లు చూసి ఊరుకోకుండా, వాటిని ఎన్ని నెలలకు పంచారో తప్పక చూడండి.

ఆఫీసులో పని జరగకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు ఫీజు లేకుండా, వకీలు లేకుండా రాయవచ్చు. అక్కడి తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ లోపు మార్చి నుంచి మీకు వచ్చిన ప్రతి బిల్లులోని యూనిట్లు, మీటరు స్థితి ఇక్కడ రాస్తే శ్లాబు లెక్క నేను వేసి చూపుతాను. సర్వీసు నంబరు మాత్రం పెట్టకండి.